ఒడిబియ్యం పోసిన ఏడాది

ప్రవళికను ఆ ఇంట్లో ఎవరూ కొట్టలేదు. కట్నం అడగలేదు, గదిలో పెట్టి గొళ్లెం వేయలేదు, జీతం లాక్కోలేదు. ఈ సంగతి ముందే చెప్పాలి. ఒక ఆడమనిషి కాపురం కష్టంగా గడిచిందనగానే వినేవాళ్లు ఒంటిమీద దెబ్బల కోసం వెతుకుతారు; అవి కనిపించకపోతే మరి కష్టమేమిటని అడుగుతారు. న్యాయస్థానం కూడా ఇంచుమించు అట్లాగే అడుగుతుంది. మానసిక క్రూరత్వమనే మాట చట్టం పుస్తకాల్లో ఉంది. కానీ తను హాల్లోకి రాగానే టీవీ ఛానల్ మారిపోవడం, నలుగురి మధ్య నడుస్తున్న మాట నాలుక చివరనే ఆగిపోవడం రుజువు చేయాలంటే ఏ సాక్షిని బోనెక్కించాలి? వాళ్లంతా మర్యాదస్తులు. ఆమె మనసు నొచ్చుకోకూడదనే ఛానల్ మార్చామని ప్రమాణం చేసి చెబుతారు, అది నిజం కూడా.

ఐలయ్య, భాగ్యమ్మ జనగామ దగ్గరి పల్లె నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చేనాటికి మాదాపూర్‌లో అద్దాల మేడలు ఇంకా బండరాళ్ల మధ్య పునాదుల్లో ఉన్నాయి. ఆయన ఇసుక మోశాడు, ఆమె ఇటుకలందించింది. మేడలు లేచాక వాటిలో ఒకదాని గేటు దగ్గర ఐలయ్య సెక్యూరిటీ గార్డయ్యాడు. బాచుపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో పెరిగిన ప్రవళిక సర్కారు బడిలో చదివి, ఇంజనీరింగ్ ముగించి, తండ్రి కాపలా కాసే వీధిలోనే ఇంకో మేడలో టెస్టింగ్ ఇంజనీరుగా చేరింది. తమ్ముడు కుమార్ ఇంటర్‌తో చదువుకు దండం పెట్టి, కంపెనీ ఉద్యోగులను ఇళ్లకు చేర్చే క్యాబ్ తోలేవాడు.

శ్యామ్ ఆమెతోపాటే ఆ కంపెనీలో చేరాడు. అతని తల్లిదండ్రులు శ్రీనివాసరావు, జయలక్ష్మి తెనాలి వైపు నుంచి సర్కారు ఉద్యోగం పేర వచ్చి కొండాపూర్‌లో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడ్డవాళ్లు. శ్యామ్ మాత్రం పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్లోనే. ప్రవళిక మాట వినడం అతనికి ఇష్టంగా ఉండేది. మీటింగులో ఆమె ఇంగ్లీషు మధ్యలో పొరపాటున దొర్లే ‘జర’ను పట్టుకుని, క్యాంటీన్‌లో ‘జర ఆ సాంబారు ఇటు తోయండి మేడం’ అనేవాడు. ఆ మాటలో వెక్కిరింత లేదు. ఉంటే ఆమెకు తెలిసేది. జీవితమంతా ఆ మాటకు వెక్కిరింతలు విన్నది కనుక తేడా ఆమెకు బాగా తెలుసు.

2009 మాఘమాసంలో పెళ్లయింది. కులాలు వేరు, దానికి రెండు వైపులా ఏడవాల్సిన ఏడుపు ముందే ఏడ్చేశారు. ప్రాంతాలు వేరన్న సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు. పెళ్లి మగపెళ్లివారి పురోహితుడి చేతిలో నడిచింది. అప్పగింతల వేళ భాగ్యమ్మ ఒడిబియ్యం పోస్తానని ముందుకొస్తే, ‘ముహూర్తం దాటిపోతోందమ్మా, అవన్నీ తరవాత చూసుకోండి’ అన్నాడాయన.

ఒడిబియ్యమంటే తెలంగాణలో ఆడబిడ్డకు తల్లిగారింటి హక్కు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవికె గుడ్డ తల్లీ తోబుట్టువులూ ఆమె కొంగులో పోస్తారు. పక్కన భర్త కూర్చోవాలి. లేచేముందు ఆమె కొన్ని పిడికిళ్లు పుట్టింటి దేవుడి మూల వదిలి, మిగిలింది మూటగట్టుకుని అత్తగారింటికి తీసుకుపోయి, మంచిరోజు చూసి వండి, పుట్టింటివాళ్లను పిలిచి అందరితో కలిసి తింటుంది. ఆ బియ్యం అమ్మకూడదు, అరువియ్యకూడదు. రెండిళ్లూ ఒక కుండలో ఉడికాయని చెప్పడానికి అంతకంటే మంచి పద్ధతి ఎవరూ కనిపెట్టలేదు. పెళ్లినాడు తప్పిపోతే బేసి ఏడాదిలో పోయవచ్చు. ‘మూడో ఏటనన్న పోస్త తియ్’ అని భాగ్యమ్మ కళ్లు తుడుచుకుంది.

ఆ ఏడాది డిసెంబరులో తెలంగాణ ఇస్తామన్న ప్రకటన ఢిల్లీ నుంచి వచ్చింది. నెల తిరక్కుండానే వెనక్కి పోయింది. ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడం మామూలు ఒప్పందంలోనైనా తప్పే. ప్రజలకిచ్చిన మాటను వెనక్కి తీసుకున్నవాళ్లు దాని ఫలితం ఏ ఏ వంటింట్లో తేలుతుందో లెక్క వేయలేదు. వాళ్లకు ఆ అవసరం రాలేదు.

శ్రీనివాసరావు కార్యాలయంలో ‘ఆరు వందల పది జీవో’ అనే మాట మళ్లీ లేచింది. స్థానికేతరులను వెనక్కి పంపాలనే ఆ పాత ఉత్తర్వు కింద తన పేరూ వస్తుందని ఆయన భయం. మధ్యాహ్నం డబ్బా పంచుకునే మిత్రులు ఆయన బల్ల దగ్గరికి రావడం మానేశారు. ఇంటికి వచ్చి టీవీ ముందు మౌనంగా కూర్చునేవాడు. జయలక్ష్మి ఊరుకునే మనిషి కాదు.

“ముప్పై ఏళ్లు పన్ను కట్టాం, ఓటేశాం. ఇప్పుడు సర్దుకొమ్మంటే ఎక్కడికి పోతామండీ? తెనాల్లో మనకేముంది, మీ అన్నయ్యగారి తలుపు తప్ప?”

“మెల్లగా. అమ్మాయి ఉంది,” అనేవాడు శ్రీనివాసరావు.

ఆ ‘అమ్మాయి ఉంది’ అనే మాటే ప్రవళికకు రెండేళ్లు వినిపించింది. తను ఉండటం ఆ ఇంట్లో ఒక హెచ్చరిక. ఆమె మాట కూడా మార్చుకుంది. శ్యామ్‌ను గదిలో ‘నువ్వు’ అనీ హాల్లో ‘మీరు’ అనీ పిలవడం మొదటే నేర్చింది. తర్వాత ‘ఏంది’ని ‘ఏంటండీ’ చేసింది. అమ్మతో ఫోన్ మాట్లాడాలంటే బాల్కనీలోకి వెళ్లి, తలుపు జారవేసి, బట్టల తీగల మధ్య నిలబడి తన సొంత మాట మాట్లాడేది.

ఆఫీసులో గాలి ఆడుతుందనుకుంటే అక్కడా అంతే. క్యాంటీన్‌లో బల్లలు తెలియకుండానే రెండుగా చీలిపోయాయి. వరంగల్, నల్లగొండ వాళ్లు కూర్చున్న బల్లకు పళ్లెం తీసుకుపోతే ఎవరో ఒకరు నవ్వుతూ అనేవారు, “అగో, గుంటూరోళ్ల కోడలొచ్చింది. జర మెల్లగ మాట్లాడుండ్రి.” అది పరాచికమే, కానీ నిజంగానే మెల్లగా మాట్లాడేవారు. అవతలి బల్ల దగ్గర ఆ పరాచికం కూడా ఉండేది కాదు. వాతావరణం గురించి, ప్రాజెక్టు గురించి మాట్లాడేవారు. ప్రవళిక తన బల్లమీదే డబ్బా తెరిచి, తెర చూస్తూ తినడం అలవాటు చేసుకుంది.

ఆమెకేం కావాలో ఈ మూడేళ్లలో ఎవరూ అడగలేదు. అత్తగారింట్లో ఆమెది ‘వాళ్ల’ అభిప్రాయమే అయి ఉంటుందని తీర్మానించి అడగలేదు. పుట్టింట్లో ‘మన’ అభిప్రాయమేనని తీర్మానించి అడగలేదు. ఒక మధ్యాహ్నం కంపెనీల ముందు ఉద్యోగులు తెలంగాణ కోసం మానవహారం కట్టారు. ఆమె అద్దం వెనక నిలబడి చూసింది. దిగి వెళ్లి ఆ వరసలో చేయి కలపాలని ఒళ్లంతా లాగింది. పై అంతస్తులో శ్యామ్ కూర్చునే కిటికీ కూడా ఆ రోడ్డుకే తెరుచుకుంటుంది. ఆమె దిగలేదు. ఆ రోజు చేతులు కలిపినవాళ్లలో ఒక్కరైనా ఆమెను పిరికిదని అనుకుని ఉంటే, వాళ్లకు ఉద్యమం తెలుసు గానీ కాపురం తెలియదు.

శ్యామ్ చెడ్డవాడు కాడు. ‘నేను న్యూట్రల్’ అనేవాడు. ఇద్దరి మధ్య నిలబడేవాడు కనీసం రెండు వైపులా మాట్లాడాలి. అతను ఏ వైపూ మాట్లాడకపోవడాన్నే తటస్థత అనుకున్నాడు. ఒక బంద్ రోజు మాదాపూర్ దగ్గర అతనున్న క్యాబ్ మీద రాళ్లు పడ్డాయి. అద్దం పగిలి ముంజేతికి గాజుపెంకు దిగింది. ప్రవళిక దవాఖానలో పక్కన కూర్చుని కట్టు కట్టించింది. ఇంటికి వచ్చేదారిలో అతను అడిగాడు.

“మీ తమ్ముడు ఇవాళ ఎక్కడున్నాడు?”

“మియాపూర్‌ల. డ్రైవర్ల ధర్నా. పొద్దున నాకు ఫోన్ చేసిండు.”

కంగారులో తన మాటే వచ్చింది. శ్యామ్ తలూపాడు. అయితే ఆ వారంలోనే మళ్లీ అడిగాడు, అదే ప్రశ్న, కొంచెం వేరే మాటల్లో. నమ్మినవాడు రెండోసారి అడగడు. ఆ తర్వాత కుమార్ ఇంటికి వస్తానన్నప్పుడల్లా ‘ఇప్పుడే ఎందుకులే, అమ్మ టెన్షన్ పడుతుంది’ అనేవాడు. అది నిషేధం కాదు కాబట్టి దాన్ని ఎదిరించడానికీ వీల్లేకపోయింది.

2011లో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లో ఆగాయి, బడులు మూతపడ్డాయి. దసరా వెళ్లగానే భాగ్యమ్మ ఫోన్ చేసింది.

“మూడో ఏడు ఒడుస్తున్నది బిడ్డా. ఈ వారం ఒడిబియ్యం పోస్త. అల్లుని తీస్కొని రా. పీట మీద ఇద్దరు కూసోవాలె.”

ప్రవళిక ఆ సాయంత్రమే శ్యామ్‌కు అంతా వివరించింది. బియ్యం ఎందుకు పోస్తారో, వండుకున్నాక ఎవరెవరు కలిసి తినాలో చెప్పింది. “అమ్మావాళ్లను, కుమార్‌ను మనింటికి భోజనానికి పిలవాలి శ్యామ్. అందరం కూర్చుని తినాలి. అంతే. ఇంకేమీ అక్కర్లేదు నాకు. అత్తయ్యకు నువ్వు చెప్పు, నేను చెబితే వేరేగా వినిపిస్తుంది.”

“చెప్తాలే. వెళ్దాం,” అన్నాడతను.

ఆమె ఆ మాటను పట్టుకుని నాలుగు రోజులు బతికింది. మూడేళ్లుగా విడివిడిగా మోస్తున్న రెండు ఇళ్లను ఒక్క పూట ఒక చాప మీద కూర్చోబెట్టగలిగితే, ఈ కాపురం నిలుస్తుందని ఆమె మనసులో గట్టిగా నిర్ణయమైపోయింది. అది మొక్కు లాంటిది; తర్కానికి నిలవదు, కానీ మనిషిని నిలబెడుతుంది.

బయల్దేరాల్సిన పొద్దున శ్రీనివాసరావు పేపరు మడిచి, “ఈ గొడవల్లో బాచుపల్లి దాకా ఎందుకురా” అన్నాడు. శ్యామ్ ఆమె వైపు చూడకుండా, “నువ్వెళ్లిరా. నేను లేకపోయినా జరుగుతుందిగా” అన్నాడు. కుమార్ బండి మీద వచ్చి అపార్ట్‌మెంటు గేటు బయటే ఆగి హారన్ కొట్టాడు. పైకి రమ్మని ఎవరూ అనలేదు, అతనూ అడగలేదు.

బాచుపల్లిలో చుట్టుపక్కల ఆడవాళ్లంతా పోగయ్యారు. ముగ్గులో రెండు పీటలు వేశారు. ఒకదాని మీద ప్రవళిక కూర్చుంది. పక్కింటి సీతాబాయి బుగ్గన వేలు పెట్టుకుంది.

“పీట ఖాళీ ఉండొద్దే భాగ్యమ్మా. మొగుని కండువన్న ఎయ్యాలె.”

“కండువ యాడికెల్లి వస్తదక్కా, ఆయన ప్యాంటు షర్టు మనిషాయె.”

“లాప్‌టాప్ పెట్టుండ్రి మరి,” అన్నాడు కుమార్. ఆడవాళ్లు కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వు ఇచ్చిన ఉత్సాహంలో అతను తన మెడలోని గులాబీ కండువా తీసి ఖాళీ పీట మీద పరిచాడు. “ఇగో, బావకు బదులు ఇది. ఇయ్యాల్టి సంది బావ గూడ ఉద్యమంల చేరిండు.”

ప్రవళిక కూడా నవ్వింది. నవ్వుతూనే తల్లి పోసే బియ్యాన్ని కొంగు పట్టి అందుకుంది. భాగ్యమ్మ మూడేళ్ల బాకీ తీర్చుకుంటున్నట్టు నిండుగా పోసింది. ఒడి బరువెక్కే కొద్దీ ప్రవళికకు పక్కన మనిషి వెచ్చదనం లేకపోవడం ఆ వైపు భుజానికి చలిలా తెలిసింది. ఐలయ్య డ్యూటీ నుంచి యూనిఫాంతోనే వచ్చి, కూతురి తల మీద చేయి పెట్టి, వచ్చిన ఆటోలోనే వెనక్కి పోయాడు. గేటు వదిలి ఉండే వీల్లేదు, సమ్మె ఆయనకు వర్తించదు.

ఆమె చేసిన తప్పు ఒకటుంది. ఆ రాత్రి కండువా సంగతి శ్యామ్‌కు నవ్వుతూ చెప్పింది. క్యాంటీన్ నాటి శ్యామ్ నవ్వి ఉండేవాడు. లాప్‌టాప్ మాటకు పగలబడి నవ్వేవాడు. ఈ శ్యామ్ తల ఎత్తాడు.

“నా ప్లేస్‌లో వాళ్ల కండువా వేశారా?”

“జోక్ చేశాడు శ్యామ్. నువ్వొచ్చుంటే వేసేవాడా?”

“తెలుసు. జోకే.”

అతను మళ్లీ తెరలోకి చూశాడు. ఆ జోకును మర్నాడు తల్లికి చెప్పాడు. ఒడిబియ్యం ఎందుకు పోస్తారో మాత్రం చెప్పలేదు.

ఆదివారం మంచిదని ప్రవళిక పుట్టింటివాళ్లను భోజనానికి పిలిచింది. బియ్యం మూట పూజగదిలో పెట్టి ఆఫీసుకు వెళ్లింది. శుక్రవారం సాయంత్రం తిరిగి వచ్చేసరికి మూటగట్టిన గుడ్డ బాల్కనీ తీగ మీద ఆరుతోంది. ఉతికినా పసుపు పోలేదు.

“అత్తయ్యా, అందులో బియ్యం ఏవండీ?”

“కాలనీ గుళ్లో ఇచ్చొచ్చానమ్మా. శుక్రవారం ప్రసాదంలోకి పనికొస్తాయన్నారు పంతులుగారు.” జయలక్ష్మి వంకాయలు తరుగుతోంది. కత్తిపీట మీద చేయి ఆగలేదు.

“గుళ్లోనా? నన్నొక్క మాట అడగాల్సిందండీ.”

“ఏం అడగమంటావు? మొన్నేమో మావాడి పీట మీద కండువా వేశారు. పైగా మూటగట్టి బియ్యం పంపించారు. ఎవరి తిండి తింటున్నామో గుర్తుచెయ్యడానికేగా? గోడల మీద రాతలు చాలవా, ఇంట్లోకి కూడా పంపాలా? మనింట్లో బియ్యం లేవా అమ్మాయ్? మావైపు పుట్టింటివాళ్లు సారె పంపితే స్వీట్లు పంపుతారు, చలిమిడి పంపుతారు. పచ్చి బియ్యం పంపడం నేనెక్కడా వినలేదు. అయినా పారెయ్యలేదు, దేవుడికే ఇచ్చాను.”

ప్రవళిక వంటింటి గడప మీద కూలబడింది. ఒడిబియ్యమంటే ఏమిటో, మొదటినుంచి, తడబడుతూ, తన మాటా వాళ్ల మాటా కలిసిపోయిన భాషలో చెప్పింది. జయలక్ష్మి చేతిలోని వంకాయ గిన్నెలో పడింది. ఆమె ముఖంలో కోపం పోయి, తప్పు చేసిన పెద్దమనిషికి ఉండే గాభరా వచ్చింది.

“నాకు తెలీదమ్మా. ఒట్టు. నాకెవరూ చెప్పలేదు.”

శ్యామ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇద్దరూ అతని వైపు చూశారు.

“చెబుదామనే అనుకున్నా. సందర్భం రాలేదు,” అన్నాడు.

ప్రవళిక చెప్పులు వేసుకుని గుడికి పోయింది. బియ్యం అప్పటికే పులిహోర అయిపోయింది. పూజారి ఆమెను గుర్తుపట్టి, లైన్లో రమ్మని మర్యాదగా సైగ చేశాడు. లైన్లో రెండు ప్రాంతాలవాళ్లూ ఉన్నారు. డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్ పిల్లలు, పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కుటుంబం. తల్లి తనకోసం పోసిన బియ్యాన్ని అందరూ దొన్నెల్లో తింటూ, ఉప్పు కొంచెం తగ్గిందని అనుకుంటున్నారు. ఈ దృశ్యాన్ని ఐకమత్యానికి గుర్తుగా చెప్పుకునేవాళ్లు ఉంటారు. వాళ్లను ఆ లైన్లో ఆమె స్థానంలో నిలబెట్టాలి. ముక్కూ మొహం తెలియనివాళ్లు కలిసి తినడం సులువే. ఒక ఇంట్లో కూర్చోవలసినవాళ్లే కూర్చోలేకపోయారు. ఆమె తన దొన్నె అందుకుని, గుడి ప్రహరీ పక్కన నిలబడి, ఒక్క మెతుకు వదలకుండా తిన్నది.

ఆదివారం భాగ్యమ్మ, కుమార్ వచ్చారు. ఐలయ్యకు డ్యూటీ. ప్రవళిక తల్లిని వంటింట్లోకి తీసుకుపోయి నిజం చెప్పేసింది.

“దేవుని కాడికే పోయినయ్ గద. గంగల పడలె. ఫికర్ జెయ్యకు బిడ్డా.” తర్వాత గొంతు తగ్గించి, “అల్లుడు మనతోటి కూసొని తింటడా?” అని అడిగింది.

“తింటడమ్మా.”

జయలక్ష్మి తన తప్పుకు పరిహారం అనుకుందేమో, పొద్దుటినుంచీ వంటింట్లోనే ఉంది. గుత్తివంకాయ చేసింది, గారెలు వేసింది. “మనసులో పెట్టుకోకండి వదినగారూ, నాకు మీ పద్ధతి తెలీలేదు” అంటే, భాగ్యమ్మ గారె తుంచి నోట్లో వేసుకుని, “మాకు మాత్రం మీ పద్ధతులు తెలుసా వదినా. ఈ గారెకు బొక్క ఎందుకు పెడ్తరో నాకిప్పటికీ సమజ్ కాదు” అంది. ఇద్దరూ నవ్వారు. కోర్టులూ కమిటీలూ తేల్చలేని తగాదాను ఆ ఇద్దరు ఆడవాళ్లు పొయ్యి ముందు నిలబడి అంతవరకు తేల్చారు. మిగిలింది మగవాళ్లు.

హాల్లో చాప పరిచి పళ్లేలు వేశారు. అన్నం వడ్డించారు. శ్రీనివాసరావు, భాగ్యమ్మ కూర్చున్నారు. కుమార్ కూర్చోబోతూ ఆగి, “బావ యాడ?” అన్నాడు. శ్యామ్ గది గుమ్మంలోకి వచ్చాడు. మెల్లగానే మాట్లాడాడు.

“కుమార్, ఒక్క మాట. ఆ రోజు మా క్యాబ్ మీద రాళ్లేయడం తప్పని నువ్వు ఒక్కసారి అను. చాలు. కూర్చుని తిందాం.”

“ఎవడో ఏసిన రాయికి నేనెందుకు మాఫీ అడగాలె బావా? నేన్ మియాపూర్ల ఉన్న. అక్క జెప్పలేదా?”

“నువ్వేశావని అనట్లా. తప్పని అనమంటున్నా.”

“గట్లయితే నువ్వొకటి అను. ఇస్తమని ఎన్కకు తీస్కున్నరు చూడు, అది తప్పని అను. అప్పుడు నేను గూడ అంట. పోరగాండ్లు పానాలు తీస్కున్నరు బావా. నీ చేతికి అద్దం గుచ్చుకుంది. రెండు ఒకటేనా?”

“నేను న్యూట్రల్ అని నీకు తెలుసు.”

“నీ కంపెనీ బండి నేనే తోల్తున్న. బండ్లె కూసున్నోడు న్యూట్రల్ల ఉంటే నడుస్తదా?”

“తినేముందు ఈ మాటలెందుకయ్యా, కూర్చోండి,” అన్నాడు శ్రీనివాసరావు. ఆయన చేయి అప్పటికే కలిపిన ముద్ద మీద ఆగిపోయింది.

ఇద్దరూ తమ తమ వాదాల్లో కొంతవరకు న్యాయంగానే ఉన్నారు, చెప్పడానికి రోత పుట్టించే సంగతి అదే. అన్నం ముందు ఇద్దరూ అవతలివాడి నుంచి వాంగ్మూలం కోరారు. వడ్డించిన మనిషి చేతిలో గిన్నె పట్టుకుని మధ్యలో నిలబడి ఉందని ఇద్దరికీ గుర్తులేదు.

“శ్యామ్, రా. కూర్చో,” అంది ప్రవళిక. హాల్లో అందరి ముందూ అతన్ని ఆమె ‘నువ్వు’ అనడం అదే మొదటిసారి. “కుమార్, నువ్వు గూడ కూసో.”

శ్యామ్ గదిలోకి వెళ్లాడు. తలుపు గట్టిగా వేయలేదు, చేరవేశాడు. కుమార్ చెప్పులు వేసుకున్నాడు. కొడుకు తినకుండా పోయిన ఇంట్లో తల్లి కూర్చుని తినడం ఎట్లా అని భాగ్యమ్మ ఒక్క క్షణం చాప మీద ఊగిసలాడి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కూతురి చెంప నిమిరి, కొడుకు వెంట మెట్లు దిగింది. జయలక్ష్మి గారెల పళ్లెంతో గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

ప్రవళిక చాప మీద కూర్చుంది. వడ్డించి ఉన్న పళ్లేల మధ్య తన పళ్లెం ముందుకు లాక్కుని తిన్నది. మామగారు తల వంచుకుని తిన్నాడు.

సాయంత్రం ఆమె సూట్‌కేసు సర్దుతుంటే శ్యామ్ మంచం అంచున కూర్చుని, “మీ అమ్మావాళ్లింటికా?” అన్నాడు.

“కాదు. కొత్తగూడ దగ్గర లేడీస్ హాస్టల్‌కు.”

“అక్కడికెందుకు? మీవాళ్లకు నువ్వు కాస్త చెప్పి ఉంటే సరిపోయేది.”

“మావాళ్లకే కాదు శ్యామ్. నాక్కూడా తెలంగాణ కావాలి.” ఆమె చీర మడత సరిచేస్తూనే చెప్పింది. “మూడేళ్లుగా కావాలి. అది మనసులో పెట్టుకునే నీకు కట్టు కట్టించాను, మీ నాన్నకు బదిలీ కాకూడదని మొక్కుకున్నాను. రెండూ ఒకే మనిషిలో పట్టాయి. నీకు అన్నం ముందు కూర్చునేంత చోటు కూడా లేకపోయింది.”

“ఇన్నాళ్లూ నాకు చెప్పలేదే.”

ఆమె జిప్పు లాగింది.

బాచుపల్లికి ఎందుకు రాలేదని కుమార్ కోపగించుకున్నాడు. కొండాపూర్‌కు తిరిగి రమ్మని జయలక్ష్మి రెండుసార్లు హాస్టల్‌కు వచ్చి, గేటు దగ్గర కూర్చుని ఏడ్చింది. ఒక ఇల్లు వదిలిన ఆడది ఇంకో ఇంట్లో తేలాలని అందరి నమ్మకం. తనను ఒక పక్షానికి సాక్షిగా తప్ప చూడని ఏ ఇంట్లోనూ ఉండలేనని ఆమె ఎవరికీ వివరించలేదు. హాస్టల్ గదిలో మిగతా ముగ్గురూ షిఫ్టుల మీద పనిచేసేవాళ్లు. ఆమె వచ్చేసరికి ఒకరు నిద్రలో, ఇద్దరు డ్యూటీలో ఉండేవారు. ఆదివారం మధ్యాహ్నాలు ఫ్యాన్ చప్పుడు వింటూ పడుకునేది. పండుగలకు గదిలో ఒక్కతే మిగిలేది.

విడాకులు ఎవరూ అడగలేదు. అడగాలన్నా ఏ కారణం రాయాలి? భర్త తన తమ్ముడితో కలిసి అన్నం తినలేదని రాస్తే గుమాస్తా కూడా నవ్వుతాడు.

2014 జూన్‌లో రాష్ట్రం వచ్చింది. ఆ పొద్దున కుమార్ ఫోన్‌లో ఏడ్చాడు, ఆమె కూడా ఏడ్చింది, నిజంగా సంతోషించింది. “ఇగ ఒచ్చింది గదక్కా. ఇప్పుడు బావ ఒస్తే నాకేం లేదు. నేనే పిలుస్త,” అన్నాడు. గెలిచినవాడు పిలిచే పిలుపు అది. ఆ మాట ఆమె పైకి అనలేదు.

శ్యామ్ అప్పుడప్పుడూ ఆదివారాలు వచ్చేవాడు. మగవాళ్లను హాస్టల్ లోపలికి రానివ్వరు కనుక ఇద్దరూ బొటానికల్ గార్డెన్ దగ్గర టీ బండి ముందు నిలబడేవారు. ఆ వర్షాకాలం ఒక ఆదివారం అతను ప్రాజెక్టు సంగతులన్నీ చెప్పి, నాన్న రిటైరయ్యాడని చెప్పి, చివరికి కప్పు చూస్తూ అన్నాడు.

“ఇప్పుడంతా అయిపోయిందిగా. ఇంటికి ఎప్పుడొస్తావ్?”

“కుమార్‌తో కూర్చుని తింటావా? ఏమీ అడక్కుండా?”

అతను దూరంగా రోడ్డు మీద పోతున్న బండ్ల వైపు చూశాడు. సమాధానం కోసం నిజంగానే వెతుకుతున్నాడని ఆమెకు తెలిసింది, అందుకే తొందరపెట్టలేదు. టీ చల్లారింది. చినుకులు మొదలయ్యాయి, బండివాడు పరదా దించాడు.

“చూద్దాం,” అన్నాడు శ్యామ్.

ప్రవళిక కప్పు బల్ల మీద పెట్టి, చున్నీ తల మీదికి లాక్కుని, హాస్టల్ వైపు నడిచింది.